చిన్న మిర్రర్‌లెస్ కెమెరాకి పాత మాన్యువల్ లెన్స్ ఎలా ఎంచుకోవాలి

ఏ దుకాణానికీ వెళ్లకముందు మీ ఇంట్లోనే వెతకండి. అటక మీద, బీరువా పై అరలో, పెళ్లి ఆల్బమ్‌ల వెనకాల తోలు కేసులో ఒక పాత ఫిల్మ్ కెమెరా ఉందేమో పెదనాన్ననో మామయ్యనో అడగండి. నాకు అలాగే దొరికింది. మా మామయ్యకి చిక్కడపల్లిలో ఫొటో స్టూడియో ఉండేది. అది మూసేశాక ఒక యాషికా కెమెరా, దానికున్న 50 మి.మీ. లెన్స్ పదిహేనేళ్లు బీరువాలోనే ఉండిపోయాయి. అడిగితే "షట్టర్ పోయిందిరా, ఇంకెందుకది" అన్నాడు. షట్టర్ పోయిన మాట నిజమే కానీ లెన్స్‌కి ఏమీ కాలేదు. ఒక కెమెరా లెన్స్‌ని ఇంకో కెమెరాకి కలిపే అడాప్టర్ కొని దాన్ని నా సోనీ ఎ6000కి బిగించి, కిటికీ పక్కన పేపర్ చదువుతున్న ఆయన్నే మొదటి ఫొటో తీశాను. కళ్లజోడు అంచు మీద వెలుగు, గడ్డం మీద రెండు రోజుల తెల్ల వెంట్రుకలు స్పష్టంగా వచ్చాయి. వెనక గోడ మీది క్యాలెండర్ మెత్తగా కరిగిపోయింది. ఫొటో చూసి ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లెన్స్‌ని చేతిలోకి తీసుకుని, దానివైపు చూడకుండానే లోపలికి ఎంత వెలుగు రావాలో మార్చే అపర్చర్ రింగ్‌ని వేలితో టకటకా తిప్పాడు.

ఆ తర్వాత చాలా లెన్సులు కొన్నాను, కొన్ని అమ్మేశాను, ఒకదానితో గట్టిగా మోసపోయాను కూడా. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఇదే: లెన్స్ మీద పేరు కన్నా లోపలి గ్లాసుని ఎక్కువగా చూడండి. ఒక లెన్స్, ఒక అడాప్టర్‌తో కనీసం రెండు నెలలు గడిపాకే రెండోది కొనండి.

పాత లెన్స్ కొత్త కెమెరాకి ఎలా పడుతుంది

ఫిల్మ్ ఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్స్‌కీ ఫిల్మ్‌కీ మధ్య ఒక అద్దం పైకీ కిందికీ ఆడాలి. దానికి చోటు కావాలి కాబట్టి మౌంట్ (లెన్స్ బిగించే చోటు) అంచు నుంచి ఫిల్మ్ దాకా దూరం ఎక్కువ పెట్టేవారు. నికాన్ ఎఫ్ మౌంట్‌లో ఆ దూరం 46.5 మి.మీ. పెంటాక్స్ కె, ఎం42 మౌంట్‌లలో 45.46, మినోల్టాలో 43.5, కెనాన్ ఎఫ్‌డీలో 42. మిర్రర్‌లెస్‌లో అద్దమే లేదు. అందుకే సోనీ ఇ మౌంట్‌లో అది 18 మి.మీ., ఫుజి ఎక్స్‌లో 17.7, ఒలింపస్, పానసోనిక్‌లు వాడే మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 19.25 మాత్రమే. ఈ తేడాని ఒక ఖాళీ లోహపు గొట్టంతో పూడిస్తే చాలు, పాత లెన్స్ తన సొంత కెమెరా మీద ఉన్నట్టే పనిచేస్తుంది. నికాన్ లెన్స్‌ని సోనీకి పెట్టాలంటే 28.5 మి.మీ. గొట్టం కావాలి. అడాప్టర్ అంటే అదే. అందులో గ్లాసూ లేదు, కరెంటూ లేదు. ఫోకస్, అపర్చర్ రెండూ మీ వేళ్లతోనే తిప్పాలి.

ముందు మీ కెమెరా సంగతి చూసుకోండి

సోనీ ఎ6000 వరస, ఫుజి ఎక్స్ వరస కెమెరాల్లో ఉండేది ఏపీఎస్-సి సెన్సర్. ఇది ఫిల్మ్ ఫ్రేమ్ కన్నా చిన్నది కాబట్టి లెన్స్ ఇచ్చే బొమ్మలో మధ్య భాగం మాత్రమే దాని మీద పడుతుంది. లెన్స్ మీది మి.మీ. అంకె పెరిగేకొద్దీ అది తక్కువ వెడల్పుని, దగ్గరగా చూస్తుంది. ఇక్కడ 50 మి.మీ. లెన్స్ 75 మి.మీ. లెన్స్‌లా చూస్తుంది. కెనాన్ ఎం50 లాంటి వాటిలో 80లా, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో అయితే ఏకంగా 100లా చూస్తుంది.

ఈ లెక్క లాడ్ బజార్‌లో నిలబడితే ఒంటికి తెలుస్తుంది. గాజుల దుకాణం, లోపల కూర్చున్నాయన, వెనక మెరిసే గాజుల వరసలు అన్నీ ఒకే ఫ్రేములో పట్టాలంటే మీరు వెనక్కి జరగాలి. వెనక ఒక స్కూటర్ ఉంటుంది, దాని వెనక ఇంకో దుకాణం. 50తో అక్కడ మొహాలు, చేతులు, గాజులు తొడుగుతున్న వేళ్లు చక్కగా వస్తాయి కానీ వీధి రాదు. వీధి కావాలంటే 28 మి.మీ. లెన్స్ చూడండి. ఏపీఎస్-సిలో అది 42లా పనిచేస్తుంది, మన కళ్లు చూసే తీరుకి దగ్గరగా ఉంటుంది. పిల్లలు, మొహాలు, పూలు, టీ కప్పు, వంటింటి కిటికీ వెలుగు లాంటివి మీ ఇష్టమైతే 50నే తీసుకోండి.

పక్షుల కోసమని పాత 300 మి.మీ. లెన్స్ కొందామనుకుంటే ఒకసారి ఆగండి. కొమ్మ మీద కదలకుండా కూర్చున్న కొంగని తీయొచ్చు. ఎగిరే పిట్ట మీద చేత్తో ఫోకస్ పట్టడానికి ఏళ్ల సాధన కావాలి. మరీ వైడ్ లెన్సుల సంగతీ అంతే. పాత 20 మి.మీ. లెన్స్ ఖరీదెక్కువ, ఏపీఎస్-సిలో అది 30 అయిపోతుంది. మీ కెమెరాతో వచ్చిన చిన్న జూమ్ లెన్సే అంతకన్నా వైడ్‌గా చూస్తుంది. వైడ్ మాన్యువల్ లెన్సే కావాలంటే 7ఆర్టిజాన్స్, టీటీఆర్టిజాన్ లాంటి కంపెనీలు చిన్న కెమెరాల మౌంట్‌లోనే కొత్తవి చేస్తున్నాయి, వాటికి అడాప్టరే అక్కర్లేదు.

ఇంకో మాట. మీ కెమెరాకి కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ ఉందా? లేకపోతే మన ఊరి మధ్యాహ్నపు ఎండలో వెనక స్క్రీన్ మీద మాన్యువల్ ఫోకస్ చూసుకోవడం చాలా కష్టం. పాత లెన్స్ కోసమే ఒక సెకండ్‌హ్యాండ్ కెమెరా కొంటుంటే వ్యూఫైండర్ ఉన్నదే తీసుకోండి.

ఏ మౌంట్ లెన్స్ కొనాలి

మన దగ్గర పాత స్టూడియోల నుంచి, పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ల నుంచి బయటికి వచ్చేవాటిలో పెంటాక్స్ కె1000, యాషికా ఎఫ్ఎక్స్-3, నికాన్ ఎఫ్ఎం10 లాంటి కెమెరాల లెన్సులు తరచుగా కనిపిస్తాయి. వాటిలో ఏది దొరికినా మంచిదే, అన్నిటికీ అడాప్టర్లు వస్తున్నాయి. కానీ ఒక్కో మౌంట్‌కి ఒక్కో చిక్కు ఉంది, కొనేముందు తెలిసి ఉండాలి.

నికాన్ అందరికీ సులభం. నా లెక్కలో కొత్తవాళ్లకి అన్నిటికన్నా తేలిగ్గా దొరికేది నికాన్ 50 మి.మీ. ఎఫ్/1.8 డి. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అపర్చర్ అంత వెడల్పుగా తెరుచుకుంటుంది. ఒకప్పుడు డిజిటల్ ఎస్ఎల్ఆర్ ఉన్న చాలామంది సంచుల్లో ఇది ఉండేది. దీనికి అపర్చర్ రింగ్ ఉంది. అది 22 అంకె దగ్గర లాక్ అయి ఉంటుంది, పక్కనున్న చిన్న మీటని జరిపితే తిరుగుతుంది. ఒక లోపం ఏమిటంటే ఫోకస్ రింగ్ సన్నగా, వదులుగా ఉంటుంది, పాత లెన్సుల్లాగా నూనె పూసినట్టు మెత్తగా తిరగదు. పేరు చివర 'జి' ఉన్న నికాన్ లెన్సులకి మాత్రం అపర్చర్ రింగే లేదు. వాటికి అడాప్టర్ మీదే రింగ్ ఉండే రకం కొనాలి, దాని మీద అంకెలుండవు, అంచనాతో తిప్పాలి.

ఎం42 అంటే స్క్రూలా తిప్పి బిగించే మౌంట్. సోవియట్ జెనిత్‌లు, జర్మన్ ప్రాక్టికాలు, పాత పెంటాక్స్‌లు చాలావరకు దీన్నే వాడాయి. వీటిలో చాలా లెన్సులకి వెనక ఒక చిన్న పిన్ను ఉంటుంది. దాన్ని నొక్కితేనే అపర్చర్ మూసుకుంటుంది. లెన్స్ పక్కన 'ఎ', 'ఎం' అని స్విచ్ ఉంటే 'ఎం'లో పెడితే సరి. స్విచ్ లేకపోతే పిన్నుని నొక్కే అంచు ఉన్న అడాప్టర్ అడిగి తీసుకోండి. అది లేకుండా కొని, ఎంత తిప్పినా అపర్చర్ కదలక, లెన్స్ పాడైందనుకుని వాపసు ఇచ్చినవాళ్లని చూశాను.

పెంటాక్స్ కెలో కొన్నిటికి రింగ్ మీద 'ఎ' అనే గుర్తు ఉంటుంది. రింగ్ అక్కడే ఉంటే అపర్చర్ పూర్తిగా మూసుకుపోయి వ్యూఫైండర్ చీకటిగా కనిపిస్తుంది. పక్క బటన్ నొక్కి అంకెల వైపు తిప్పండి. కెనాన్ ఎఫ్‌డీ అడాప్టర్‌కి తాళం లాంటి రింగ్ ఒకటి ఉంటుంది, లెన్స్ పెట్టాక దాన్ని 'లాక్' వైపు తిప్పకపోతే అపర్చర్ కదలదు. కెనాన్ 1987లో ఈఓఎస్ తెచ్చి ఎఫ్‌డీని వదిలేసింది కాబట్టి ఈ లెన్సులు ఆ కంపెనీ కొత్త ఎస్ఎల్ఆర్‌లకి పనికిరాక చాలాకాలం చవగ్గా దొరికాయి. మినోల్టా, ఒలింపస్ ఓఎం లెన్సులకి ఇలాంటి చిక్కులేమీ లేవు. ఒలింపస్‌లో అపర్చర్ రింగ్ లెన్స్ ముందువైపు ఉంటుంది, రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

కెనాన్ ఈఎఫ్ లెన్సులు మాత్రం ఈ పనికి వద్దు. వాటి అపర్చర్ కరెంటుతో నడుస్తుంది, ఖాళీ గొట్టం అడాప్టర్‌తో అది మీ మాట వినదు.

మొదటి లెన్స్

50 మి.మీ. ఎఫ్/1.7, ఎఫ్/1.8, ఎఫ్/2. ఈ మూడింటిలో ఏదైనా సరే, ఏ కంపెనీదైనా సరే. అప్పట్లో ఫిల్మ్ కెమెరాతో పాటు ఇచ్చేది ఇదే కాబట్టి లక్షల్లో తయారయ్యాయి, అందుకే చవక. అన్ని కంపెనీలూ ఎక్కువ శ్రద్ధ పెట్టింది కూడా దీని మీదే. ఎఫ్/1.4 అనగానే ధర, బరువు రెండూ పెరుగుతాయి. అంత వెడల్పున తెరిస్తే ఫోకస్ పట్టడం మరీ కష్టం, మొదటి లెన్స్‌కి అది అవసరం లేదు.

హీలియోస్ 44-2 గురించి చాలామంది అడుగుతారు. 58 మి.మీ., ఎఫ్/2, ఎం42 మౌంట్, జర్మన్ బయోటార్ డిజైన్ ఆధారంగా సోవియట్ యూనియన్‌లో చేసింది. వెనక ఉన్న ఆకుల వెలుగు సుడి తిరిగినట్టు వస్తుందని దీనికి పేరు. అది నిజమే కానీ ప్రతి ఫొటోలో రాదు. మనిషి మీకు మీటరున్నర, రెండు మీటర్ల దూరంలో ఉండాలి. వెనక కొంచెం దూరంలో సందుల్లోంచి వెలుతురు పడే చెట్టు ఉండాలి. లెన్స్ పూర్తిగా తెరిచి ఉండాలి. ఇందిరా పార్కులో ఉదయం ఎనిమిది లోపు ఏ గుబురు చెట్టు ముందు మనిషిని నిలబెట్టినా దీని పనితనం కనిపిస్తుంది. ఇంకో సంగతి, సుడి ఎక్కువగా ఉండేది ఫ్రేము అంచుల్లో. చిన్న సెన్సర్ ఆ అంచుల్ని కోసేస్తుంది, అందుకే ఫుల్‌ఫ్రేమ్ (ఫిల్మ్ ఫ్రేమ్ అంత సెన్సర్) వాళ్ల ఫొటోల్లో ఉన్నంత సుడి మీకు రాదు. అది మాత్రమే కావాలని కొంటే నిరాశపడతారు. దీనికి రెండు అపర్చర్ రింగులుంటాయి. ఒకటి హద్దు పెడుతుంది, రెండోది టక్కుమని ఆగకుండా మెత్తగా తెరిచి మూస్తుంది. వీడియో తీసేవాళ్లకి ఆ రెండో రింగ్ భలే ఉపయోగం.

పెంటాక్స్ వారి పాత టకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4 దొరికి, గ్లాసు టీ డికాషన్ రంగులో ఉంటే కంగారు పడకండి. అందులో కొన్ని రకాల గ్లాసులో థోరియం కలిపారు, దాని కొద్దిపాటి రేడియేషన్ వల్లే గ్లాసు ఏళ్ల తరబడి పసుపు తిరుగుతుంది. అల్ట్రావయొలెట్ వెలుగు తగిలితే చాలావరకు తగ్గుతుంది. ఆ లైటు లేకపోతే కిటికీ దగ్గర కొన్ని వారాలు ఎండ తగలనివ్వాలి, కానీ మన వేసవి ఎండలో నేరుగా పెడితే లోపలి గ్రీజు కరుగుతుంది. నేనైతే డిసెంబరు, జనవరి నెలల ఎండనే వాడతాను. లెన్స్ కింద మంట అంటుకునేవేవీ ఉంచకండి, అది భూతద్దంలా పనిచేస్తుంది.

హైదరాబాద్‌లో ఎక్కడ వెతకాలి

కోఠి, ఆబిడ్స్ వైపు కెమెరా దుకాణాల్లో, రిపేరు చేసే చిన్న గదుల్లో అడగండి. దుకాణం ముందు అద్దాల్లో పెట్టరు, "ఫిల్మ్ కెమెరా లెన్సులున్నాయా అన్నా" అని అడిగితే అడుగు డ్రాయర్ లాగుతారు. రిపేరు చేసేవాళ్ల దగ్గర కొంటే ఒక లాభం ఉంది. లెన్స్ విప్పడం వాళ్లకి తెలుసు, లోపం ఉంటే ఏమిటో చెప్పగలరు. ఆదివారం ఎర్రగడ్డ సంతలో, గురువారం జుమ్మెరాత్ బజార్‌లో పాత సామాన్ల మధ్య అప్పుడప్పుడూ కెమెరాలు కనిపిస్తాయి. అక్కడ ధర తక్కువే కానీ మళ్లీ వచ్చి అడగడానికి ఎవరూ ఉండరు. కాలనీల్లో మూతపడుతున్న స్టూడియోలని మాత్రం మర్చిపోకండి. నా దగ్గరున్న మంచి 28 మి.మీ. లెన్స్ అలాంటి చోటే దొరికింది, ఆయన దాన్ని ముప్పై ఏళ్లు పట్టుబట్టలో చుట్టి దాచుకున్నాడు.

టార్చ్ వేసి చూడటం

ఈ పని మీద తొందర పడొద్దు. జేబులో చిన్న టార్చ్, మెత్తని గుడ్డ, మీ కెమెరా, అడాప్టర్ పట్టుకెళ్లండి. ఫోన్ టార్చ్ చాలదా అంటే చాలుతుంది, కానీ చిన్న టార్చ్‌ని కోణం మార్చి తిప్పడం తేలిక.

నేను మోసపోయింది ఇక్కడే. ఒక సంతలో 135 మి.మీ. లెన్స్ కనిపించింది. బయట ఒక్క గీత లేదు, నల్లటి పెయింట్ నిగనిగలాడుతోంది, మూతలు రెండూ ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం, చుట్టూ జనం. లెన్స్‌ని ఆకాశం వైపు పట్టి చూస్తే శుభ్రంగానే అనిపించింది, కొనేశాను. ఇంటికొచ్చి సాయంత్రం గదిలో లైటు ఆపి వెనకనుంచి టార్చ్ వేస్తే గుండె జారింది. వెనక గ్లాసు లోపల సాలెగూడు అల్లినట్టు తెల్లటి పోగులు, అంచు నుంచి మధ్యకి పాకుతున్నాయి. ఫంగస్. శుభ్రం చేయించడానికి లెన్స్ ధర కన్నా ఎక్కువ అడిగారు. చేయించాక పోగులు పోయాయి కానీ వాటి గుర్తులు కోటింగ్‌లోకి దిగిపోయాయి. ఇప్పటికీ ఎదురు వెలుగులో ఆ లెన్స్ బొమ్మ పాలు కలిపినట్టు వస్తుంది.

అందుకే ఇలా చూడండి. నీడలోకి వెళ్లండి, దుకాణం లోపలైతే ఇంకా మంచిది. అపర్చర్ పూర్తిగా తెరవండి. టార్చ్ లెన్స్‌కి ఒకవైపు పెట్టి, రెండోవైపు నుంచి మీరు చూడండి. కానీ వెలుగు నేరుగా కంట్లో పడకుండా టార్చ్‌ని ఒక పక్కకి వంచండి. ఏటవాలు వెలుగులోనే లోపాలు బయటపడతాయి. ముందునుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి చూడండి. పోగులు, కొమ్మల్లాంటి అల్లిక కనిపిస్తే ఫంగస్. గ్లాసంతా పలచటి పొగమంచులా ఉంటే హేజ్, లోపలి గ్రీజు ఆవిరి పట్టడం వల్ల అలా అవుతుంది, చాలాసార్లు తుడిస్తే పోతుంది. గ్లాసు అంచున నూనెలో రంగుల్లా, బుడగలా మెరుపు ఉంటే రెండు గ్లాసుల్ని అతికించిన జిగురు విడిపోతోందని అర్థం. అది ఇంట్లో బాగయ్యేది కాదు, వదిలేయండి.

దుమ్ము చుక్కలు ఎన్ని ఉన్నా పట్టించుకోవద్దు, ప్రతి పాత లెన్స్‌లోనూ ఉంటాయి, ఫొటోలో కనబడవు. ముందు గ్లాసు మీద ఒకటి రెండు గీతలున్నా భరించవచ్చు. వెనక గ్లాసు మీద గీతలుంటే మాత్రం ఆలోచించండి, సెన్సర్‌కి దగ్గరది అదే.

తర్వాత అపర్చర్ బ్లేడ్లు చూడండి. రింగ్ తిప్పితే అవి ఆలస్యం లేకుండా మూసుకోవాలి, తెరుచుకోవాలి. బ్లేడ్ల మీద నూనె మెరుస్తుంటే అవి అతుక్కుంటాయి. వేసవిలో మూసిన కార్లో ఒక్క మధ్యాహ్నం వదిలేసినా గ్రీజు పలచబడి బ్లేడ్ల మీదికి పాకుతుంది. హీలియోస్ 44-2 లాంటి వాటిలో అపర్చర్‌ని చేత్తోనే మూస్తాం కాబట్టి కొద్దిపాటి నూనె ఉన్నా పనికి అడ్డు రాదు. స్ప్రింగ్‌తో మూసుకునే లెన్సుల్లో అయితే ధర తగ్గించమనండి, లేదా వదిలేయండి.

చివరిగా ఫోకస్ రింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. గరగర శబ్దం వస్తే లోపల ఇసుక చేరింది. మధ్యలో ఒకచోట బిగుసుకుంటే ఎప్పుడో కింద పడి ఉంటుంది. స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో తెలియనివాళ్లు విప్పారని అర్థం. కోఠిలో నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన నేను తెచ్చిన ప్రతి లెన్స్‌లో ముందు స్క్రూలే చూస్తాడు, "విప్పినోడికి విప్పడం వచ్చా రాదా, స్క్రూ చెప్తది సార్" అంటాడు.

అడాప్టర్ ఎలాంటిది

ఖాళీ గొట్టమే కదా, ఏదైతేనేం అనుకోకండి. దాని పొడవు సరిగ్గా ఉండాలి. 50 మి.మీ. లెన్స్‌కి అడాప్టర్ ఒక మిల్లీమీటర్‌లో పదో వంతు ఎక్కువ పొడవైతే, రింగ్ చివరిదాకా తిప్పినా సుమారు 25 మీటర్ల దగ్గరే ఫోకస్ ఆగిపోతుంది. 28 మి.మీ. లెన్స్‌కి అదే తప్పు ఎనిమిది మీటర్ల దగ్గరే ఆపేస్తుంది. దూరపు భవనాలు ఎప్పటికీ స్పష్టంగా రావు. అందుకే తయారీదారులు చాలామంది కావాలనే కాస్త పొట్టిగా చేస్తారు. అలాంటి దాంతో ఇన్ఫినిటీ (అనంత దూరం) గుర్తుకి ముందే ఫోకస్ వచ్చేస్తుంది. అది దోషం కాదు, లెన్స్ మీద రాసి ఉన్న దూరాల అంకెల్ని మాత్రం నమ్మకండి.

అడాప్టర్ లోపలికి చూడండి. లోపలి గోడ మెరుస్తుంటే వెలుగు అక్కడ తగిలి సెన్సర్ మీదికి చిమ్ముతుంది, బొమ్మ వెలిసిపోయినట్టు ఉంటుంది. లెన్స్‌ని నిందించకముందు లోపల నల్లటి వెల్వెట్ కాగితం అంటించి చూడండి. లెన్స్ బిగించాక అటూ ఇటూ ఊగకూడదు. కె అండ్ ఎఫ్ కాన్సెప్ట్ అడాప్టర్లు నాకు బాగానే పనిచేశాయి.

లోపల గ్లాసు ఉండే అడాప్టర్లు కూడా ఉన్నాయి, ఫోకల్ రెడ్యూసర్ అంటారు. అవి లెన్స్‌ని దాదాపు 0.71 రెట్లు చేస్తాయి. 50 లెన్స్ ఏపీఎస్-సిలో దాదాపు 50లాగే చూస్తుంది, వెలుగు కూడా ఒక స్టాప్ పెరుగుతుంది, అంటే రెట్టింపవుతుంది. బావుంటాయి, కానీ ఖరీదు. మంచివి చాలాసార్లు లెన్స్ కన్నా ఎక్కువ ధర. మొదట్లో వద్దు.

బిగించేటప్పుడు బలవంతం చేయకండి. కొన్ని లెన్సుల వెనక గ్లాసు చాలా లోపలికి పొడుచుకొస్తుంది. సోవియట్ జుపిటర్-12 అలాంటిదే, కొన్ని కెమెరాల్లో లోపల తగులుతుంది. గొట్టాన్ని లోపలికి ముడుచుకునే పాత లెన్సుల్ని మిర్రర్‌లెస్ మీద ముడవకండి.

కెమెరాలో మార్చాల్సినవి

అడాప్టర్ పెట్టగానే షట్టర్ నొక్కితే పడదు. చాలామంది భయపడేది ఇక్కడే. లెన్స్ ఉన్నట్టు కెమెరాకి తెలియదు, అంతే. మెనూలో 'రిలీజ్ వితౌట్ లెన్స్' అనో 'షూట్ వితౌట్ లెన్స్' అనో ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. స్పష్టంగా ఉన్న అంచుల్ని రంగు గీతలతో చూపే ఫోకస్ పీకింగ్ ఆన్ చేసి, రంగు ఎరుపు పెట్టుకోండి. బొమ్మని పెద్దది చేసి చూపే బటన్‌ని బొటనవేలికి అందేచోట సెట్ చేసుకోండి.

కెమెరా బాడీలో చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజర్ ఉంటే ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మీది మి.మీ. అంకె) మీరే చెప్పాలి. 50 లెన్స్‌కి 50 అనే పెట్టండి, 75 కాదు. ఎ6000లో, ఎం50లో బాడీ స్టెబిలైజర్ లేదు. వాటిలో 50 లెన్స్‌కి షట్టర్ కనీసం 1/80, మనుషులకైతే 1/125 ఉండాలి. షట్టర్ వేగాన్ని కెమెరాయే ఎంచుకునే అపర్చర్ ప్రయారిటీ మోడ్‌లో కొన్ని కెమెరాలు 1/60 దగ్గరే ఆగిపోతాయి. అప్పుడు మాన్యువల్ మోడ్‌కి మారి, షట్టర్ మీరు పెట్టి, ఐఎస్ఓని (వెలుగుకి సెన్సర్ సున్నితత్వం) ఆటోలో వదిలేయండి.

ట్యాంక్‌బండ్ మీద ఒక సాయంత్రం

కొత్త లెన్స్ వచ్చిన ప్రతిసారీ నేను సాయంత్రం ట్యాంక్‌బండ్ మీదికి వెళ్తాను. రెయిలింగ్ మీద మోచేతులు ఆనించి, లెన్స్ పూర్తిగా తెరిచి, హుస్సేన్‌సాగర్ మధ్యలోని బుద్ధ విగ్రహం మీద ఫోకస్ పెడతాను. బొమ్మని పెద్దది చేసి, మొహం దగ్గర రింగ్‌ని అటూ ఇటూ తిప్పుతాను. ముందు మసక, తర్వాత స్పష్టం, మళ్లీ మసక రావాలి. ఆ రెండో మసక రాకుండా రింగ్ చివరికి వచ్చేసిందంటే అడాప్టర్ హద్దులో ఉందన్నమాట, విగ్రహం అసలు స్పష్టం కాకపోతే అడాప్టర్ పొడవు ఎక్కువ. తర్వాత ఎఫ్/2.8, ఎఫ్/4, ఎఫ్/5.6లో అదే ఫొటో. ఇంటికొచ్చి పక్కపక్కన పెట్టి చూస్తే మీ లెన్స్ ఎక్కడ బాగా గీస్తుందో తెలిసిపోతుంది. చాలా పాత 50లు పూర్తిగా తెరిచినప్పుడు కాస్త మెత్తగా ఉండి, ఎఫ్/4కి వచ్చేసరికి పదునెక్కుతాయి. దీపాలు వెలిగాక ఫ్రేము మూలల్లో వాటి ఆకారం చూడండి. గుండ్రంగా ఉండాల్సిన చుక్కలు పిట్ట రెక్కల్లా సాగితే అది ఆ లెన్స్ స్వభావం, పోట్రెయిట్‌కి అడ్డు కాదు.

మనుషుల మీద ఫోకస్‌కి వేరే సాధన కావాలి. హీలియోస్‌ని ఎఫ్/2లో పెట్టి మీటరున్నర దూరంలో మొహం తీస్తే స్పష్టంగా ఉండే లోతు ఐదు సెంటీమీటర్లే. కన్ను పదునుగా ఉంటే చెవి కరిగిపోతుంది. అందుకే ఫోకస్‌ని ఎదుటివాళ్ల కంటి మీదికి తెచ్చాక చేయి కదపకుండా, ఒంటిని ఇసుమంత ముందుకీ వెనక్కీ ఊపుతూ సరైన క్షణంలో నొక్కండి. ఫోకస్ పీకింగ్ ఎర్ర గీతలు ఈ దూరంలో అబద్ధం చెబుతాయి, పెద్దది చేసి చూడటమే నమ్మకం. పిల్లలు ఆగరు కదా అంటే, వాళ్లు ఎక్కడికి వస్తారో ముందే చూసుకుని అక్కడ ఫోకస్ పెట్టి ఆగండి. మా అన్న కూతుర్ని ఉయ్యాల మీద అలాగే తీశాను. ఉయ్యాల ముందుకొచ్చి క్షణం నిలిచే చోటు ఒకటుంటుంది, ఫోకస్ అక్కడ పెట్టి పదిసార్లు నొక్కితే మూడు వచ్చాయి, ఆ మూడూ ఫ్రేము కట్టించుకునేంత బాగున్నాయి.

పాత లెన్సులకి ఎదురు వెలుగు పడదు. ఒక రబ్బరు హుడ్ తగిలించండి, రంగులు వెంటనే నిలబడతాయి.

వానాకాలం

జూన్ నుంచి సెప్టెంబరు దాకా లెన్స్‌ని తోలు కేసులో ఉంచకండి. తోలు తేమని పట్టి ఉంచుతుంది, ఫంగస్‌కి అంతకన్నా మంచి ఇల్లు లేదు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటర్ చాలు. మీటర్ 40 నుంచి 50 శాతం మధ్య చూపాలి. మరీ తగ్గితే గ్రీజు ఎండిపోతుంది. సిలికా జెల్ గింజలు రంగు మారితే, వంటకి వాడని పాత మూకుడులో సన్నని సెగ మీద వేడిచేసి, చల్లారాక మళ్లీ వేయండి. ఫంగస్ ఉన్న లెన్స్‌ని మిగతావాటితో కలపకుండా వేరే డబ్బాలో పెట్టండి.

మామయ్య లెన్స్ ఇప్పుడు అలాంటి డబ్బాలోనే ఉంది. ఆదివారం పొద్దున దాన్ని బయటికి తీసి, ఫోకస్ రింగ్ ఒకసారి, అపర్చర్ రింగ్ ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి, కాసేపు కిటికీ వెలుగులో ఉంచుతాను. గ్రీజు గట్టిపడేది కదలకుండా పడి ఉన్న లెన్స్‌లోనే.